సొట్ట

ఒహాయోలో ఆదివారం పాత సామాన్ల సంత.
మడత బల్ల మీద నా రేకు లంచ్ బాక్సులు
బళ్ళో ప్రార్థనకి నిలబడ్డట్టు.

రాకెట్ బొమ్మది అరవై డాలర్లు.
గుర్రపు రౌతుది ఎనభై, ఫ్లాస్కు పగల్లేదు మరి.
చివర్న ఆ నల్లటిది పొగాకు డబ్బా.
ఏ బొగ్గుగని కూలీ కొడుకో
తీగ మెలేసి పిడి కట్టుకున్నాడు.
దాన్ని ఎవరూ అడగరు, నాకూ అమ్మబుద్ధి కాదు.

తుప్పుకి పది తగ్గిస్తాను, సొట్టకి ఇరవై.
లోపల మేకుతో గీకిన పేరుంటే
ఇంకో ఐదు.

ఇవాళ ఒకావిడ, డెబ్బై దాటి ఉంటాయి,
మెరిసేవాటిని ముట్టుకోలేదు.
మూల నలిగిన నీలం డబ్బా ఎత్తి
సొట్టలో బొటనవేలు ఆనించింది.

"ఇది మెర్ల్ డ్వొరాక్ నుదురు.
నాలుగో తరగతి. మా తమ్ముడి ఆపిల్ లాక్కున్నాడు."

మూత తెరిచింది. వర్నా.
ఐదు డాలర్లు తగ్గించిన పేరు.
వాసన చూసింది,
ఇనుము తప్ప ఏముంటుంది,
అయినా చాలాసేపు చూసింది.

మెర్ల్ ఏమయ్యాడని అడిగాను.

చిల్లర లెక్కపెట్టుకుంటూ అంది:
"ఆ మచ్చ పక్కనే
నలభై ఒక్క ఏళ్ళు పడుకున్నాను."