మిగిలిన జాగాలో

దర్గా సర్కిల్లో మా అంగడికి ఇప్పుడు
చార్జర్ల కోసం వస్తారు, పగిలిన అద్దాల కోసం వస్తారు.
పాటల కోసం ఎవరూ రారు.
బోర్డు మీద మాత్రం
'ఇచ్చట పాటలు ఎక్కించబడును'
అట్లనే ఉండాది.
'పా' వెనక బల్లి కాపురం.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండల్లో
గల్లాపెట్టె కింద
ఒక హార్లిక్స్ సీసా దొరికింది.
నిండా మెమొరీ కార్డులు, వేలిగోరంత ఒక్కోటి.
చుట్టిన కాగితం మీద నాయన రాత:
మురకంబట్టు మణి.
పాల సొసైటీ సారు.
గుజ్జు ఫ్యాక్టరీ, తెల్లచొక్కా.
పేరు చెప్పలేదు, కోపిష్టి.
పాటలు ఎక్కించమని ఇచ్చి
తిరిగి రానివాళ్లు నూట పద్నాలుగు మంది.

మే నెలంతా వాళ్లను విన్నాను.

బయట తోతాపురి లారీలు
ఫ్యాక్టరీ దాకా వరస కట్టి హారన్లు కొడుతుంటే
లోపల నేను,
ఒక చెవికే పలికే ఇయర్‌ఫోన్‌తో.
పాల సొసైటీ సారు కార్డు నిండా క్లబ్బు డాన్సు పాటలు.
ఆయన్ని చూసుండాను, నవ్వడు.
మణి కార్డులో అరవ చావుడప్పు, గంటన్నర.
ఆ దెబ్బకు కాళ్లు ఊరుకోవు,
ఎవరు పోయినారో తెలీకుండానే ఆడినాను.
ఒకావిడ కార్డులో ద్రౌపదమ్మ భారతం, ఆఖరి రోజు,
దుర్యోధనుడు పడేముందు మైకు కుయ్యిమంటుంది,
"ఆ వైరు పట్టుకోరా" అంటారెవరో.
ఆ వైరు కూడా ఇప్పుడు నాకు పద్యంలో భాగమే.

అయితే ప్రతి కార్డు అడుగునా
'కొత్త ఫోల్డర్' అని ఒకటి.
అందులో మూడో నాలుగో,
పైవాటితో చుట్టరికం లేని పాటలు.
ఒకటి ఏదో ఎడారి దేశపు గిటారు,
ఇసుకలో నడిచినట్లు, తొందర లేకుండా.
ఒకటి జపాను బొమ్మల కథకు మొదట్లో వచ్చే పాట.
ఆ పిల్ల గొంతు పైకి పోయి, ఇంకా పోయి,
తెగుతుందేమో అనుకున్న చోట నవ్వుతుంది.
ఒకటి ఒట్టి ఈల.
నాకు పిచ్చి పట్టించినవి ఇవే.
నోటుబుక్కులో రాసుకున్నాను:
ఈ చిత్తూరులో ఎవరో ఉండారు నాలాంటివాళ్లు,
పేరు చెప్పకుండా కొత్త ఫోల్డర్‌లో ఉండారు.

జూన్ మొదట్లో
తెల్లచొక్కా వచ్చినాడు, చార్జర్ కోసం.
చొక్కా ఇప్పుడు నీలం. ఫోను మోగితే తెలిసింది,
అతని కార్డులో పదకొండో పాట, రెండో చరణం నుంచి.
సీసా తెచ్చి, కార్డు వెతికి చేతిలో పెట్టినాను.
ఊడిన పాలపన్నును చూసినట్లు
అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.
"ఈ ఫోనుకు బొక్కే లేదు గదమ్మా,
దీన్ని యాడ దూర్చేది?"

పాత కంప్యూటర్లో పెట్టినాను.
ఒక్కో పాటకూ ఒక్కో సంగతి చెప్పినాడు:
రాత్రి షిఫ్టు, మేస్త్రీతో కొట్లాట,
జీతం రాని ఆషాఢం,
సెల్వి అని ఒక పేరు చెప్పి
చార్జరు ఎంతన్నాడు.
ఇంతలో ఈల మొదలైంది.
మొహం చిట్లించి
"ఇది నాది కాదే" అన్నాడు.

బల్ల అవతల నాయన
సోల్డరింగ్ పుల్ల దించకుండానే అన్నాడు:
"నాలుగు జీబీకి దుడ్డు తీసుకుని
మూడున్నర నింపితే ఊరుకుంటారా జనం?
మిగిలిన జాగాలో నాకు నచ్చినవి ఏసేవాణ్ణి."

నాకు నచ్చినవి.
టీవీ సౌండు తగ్గించమనడం తప్ప
పాట గురించి ఆ నోట ఒక్క మాట
నేను పుట్టినాక విని ఎరగను.
"ఎవరన్నా అడిగినారా నాయనా, ఇవి ఎవరి పాటలని?"
"ఒకడు అడిగినాడు. తీసేయమని కార్డు ఇచ్చి పోయినాడు,
మళ్లీ రాలా."
కోపిష్టి.

ఆ రాత్రి షట్టరు సగం దించినాక
నా ఫోన్లో కొరియా పాట పెట్టినాను.
ఒక్క ముక్క అర్థం కాదు,
పరీక్షలకు ముందు నుంచీ అదే వింటుండాను,
ఏ సీసాలోనూ దొరకనిది, నాకు నేనుగా పట్టుకున్నది.
నాయన కడదాకా విన్నాడు, స్క్రూడ్రైవరు చేతిలోనే.
బాగుందనలేదు. బాగలేదనలేదు.
"ఎన్ని ఎంబీ?" అన్నాడు.