ఏడో నంబరు

చెచెర్లెగ్ గ్రంథాలయంలో సాయంత్రం క్లాసు.
ఓయుంచిమెగ్ టీచరు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది.
"గుర్రానికో వరస" అంది.
పేరు గడిలో ఏం రాయను?
మేం గుర్రాలకు పేర్లు పెట్టం, రంగుతో పిలుస్తాం.
నా మందలో ఎర్రవే పదకొండు.

"మరి మీరెలా పోల్చుకుంటారు?"
నడకను బట్టి. చెవి విదిలింపును బట్టి.
నవ్వింది. "దానికి గడి లేదక్కా,
నంబరివ్వండి. ఒకదానికిచ్చింది ఇంకోదానికి ఇవ్వొద్దు."

తండ్రెవరో తెలియని పిల్లకు సున్నా చుట్టాను.
చెరిపించింది.
సున్నా అంటే లేదని, ఖాళీ అంటే తెలియదని.
యాభై నాలుగేళ్లొచ్చాయి,
ఈ తేడా ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు నాకు.

ఏడో నంబరు,
మొన్నటి మంచుకరువులో
నిలబడే గడ్డకట్టిన బూడిదరంగు ఆడగుర్రం.
తీసెయ్యమని మీట నొక్కాను.
కుదరదంది యంత్రం.
ఇరవై మూడు, ముప్పై ఒకటి, నలభై
తల్లి గడిలో ఇంకా ఏడునే చూపిస్తున్నాయట.

టీచరు ఏదో అడ్డదారి చెప్పబోయింది.
వద్దన్నాను.
పక్కన కొత్త నిలువు వరస గీసి, తేదీ వేసి,
కోటు తొడుక్కున్నాను.

బయట కట్టుకొయ్య దగ్గర ఇరవై మూడు,
అదే చెవి విదిలింపు.