లోపలి అంచు

బ్రాడీపేటలో ఫిజియోథెరపీ అమ్మాయి
మా కెజియా పాదాలు తడిపి
అట్ట కాగితం మీద నిలబెట్టింది.
మడమకీ వేళ్లకీ మధ్య
ఒక పక్క ఖాళీ ఉండాలంట.
లేదు. కాగితం నిండా పాదమే.
"చదును పాదం అండీ. ఇట్లాగే పరిగెత్తిస్తే
మోకాలి కింద ఎముక బీట తీస్తుంది."

ఆ అమ్మాయి అటు తిరగ్గానే
నేనూ చెప్పు విడిచి, తడి గచ్చు మీద కాలేసి తీశాను.
అదే అచ్చు.
సెంటు నేల రాసివ్వలేనోణ్ణి,
ఇదొక్కటి రాసిచ్చాను బిడ్డకి.

పదమూడేళ్లు. ఎనిమిది వందల మీటర్లు.
స్టేడియంలో రెండో చుట్టు మలుపు దగ్గర
ఎడమకాలు లోపలికి వాలడం
నేను ఎప్పుడో చూశాను.
చూసిందానికి పేరు తెలీక ఊరుకున్నాను.

అరండల్‌పేట కొట్లో కుర్రాడు
బల్ల మీద మూడు జతలు పరిచాడు.
నీలంది జెల్లీ లాగుంది, వేలు పెడితే దిగిపోతోంది.
కెజియా దాని మీద నిలబడి కళ్లు మూసుకుంది:
"నాన్నా, దూదిలో ఉన్నట్టుంది."
రెండోదాని డబ్బా మీద ఎవరో దొరబాబు గెంతుతున్నాడు,
ఆ గెంతుకే సగం రేటు.
మూడోది నల్లగా, మొరటుగా,
మధ్యలో గట్టి గూను.
"అందరూ నీలందే తీసుకెళ్తారు సార్."

ఇరవై రెండేళ్లుగా మిర్చి యార్డులో మోస్తున్నాను.
టిక్కీ నలభై అయిదు కిలోలు.
మొదటేడు, వీపు ఒరుసుకుపోతోందని
మా అమ్మ పాత దిండు దూది కుట్టిచ్చింది.
మధ్యాన్నానికి దూది ఒక పక్కకి,
టిక్కీ ఒక పక్కకి,
నేను మూడు రోజులు మంచానికి.
అప్పుడు మా ముఠాలో పెద్దాయన సుభానీ
గోనెని నాలుగు మడతలేసి, అరచేత్తో చరిచి చరిచి
నా వీపున కట్టాడు.
"మెత్తంది బరువుని చూడగానే పారిపోద్దిరా.
ఎదురు చెప్పేది కావాల."

నల్లదాని గూను మీద బొటనవేలు పెట్టాను,
కాయలో తేమ చూసే వేలు.
నొక్కితే కాస్త వంగింది.
వదిలితే లేచింది.
రెండు చేతుల్తో మెలిపెడితే ఒప్పుకోలేదు.
పదకొండొందల యాభై.
మా ఆవిడకి ఎనిమిదొందలని చెప్పాను.

బూట్లోకి మాత్రం నేను పెట్టలేదు.
ఎంత రుద్ది కడిగినా ఈ వేళ్లకి ఘాటు పోదు.
తను పసిదిగా ఉన్నప్పుడు ఒకసారి కళ్లు తుడిచి
రాత్రంతా ఏడిపించాను.
"పాత అట్ట పీకి పెట్టమ్మా,
దాని మీదే పెడితే మడమ ఎగిరొస్తదంట" అని
దూరం నుంచే చెప్పాను.

"గుచ్చుతోంది" అంది.
గుచ్చుతుందని ఫిజియో అమ్మాయి ముందే చెప్పింది.
మొదట గంట సేపు నడకే, పదిహేను రోజులాగి పరుగు,
నొప్పి పెరిగితే తీసేసి మళ్లీ రమ్మంది.
ఇదేం మందు కాదు, చుట్లు కూడా తగ్గించాలంది.
నవంబరు జిల్లా పోటీలు పోయినట్టే.
ఆ మాట దగ్గర కెజియా మొహం గోడకి తిప్పుకుంది.
రెండు రోజులు నాతో మాట్లాడలేదు,
ఉప్పు అందివ్వమన్నా వాళ్లమ్మ చేత అడిగించింది.

పదహారో రోజు. ఇంకా చీకటే.
నేను గేటు పట్టుకుని కళ్లతో కాదు, చెవులతో చూస్తున్నాను.
కుడికాలి చప్పుడు. ఎడమకాలి చప్పుడు.
ఇంకా ఒకటి కాలేదు.
ఎడమది కొంచెం తేలికపడింది, అంతే.
లేక నాకలా వినబడుతోందేమో.

చెమటతో వచ్చి పక్కన కూలబడింది.
"నీక్కూడా ఒక జత కొందామా?"
"హవాయి చెప్పులో ఎక్కడ నిలుస్తదే" అని నవ్వాను.
తను నవ్వలేదు.
నా చెప్పు తీసి, తిరగేసి,
అరిగిన లోపలి అంచు మీద
బొటనవేలు పెట్టి చూస్తోంది.