ఐతారం పట్నం

సిమెంటు సంచి కాయితం సగానికి చింపి
పెన్సిల్‌తోని రాస్తున్న బాలమణీ,
నువ్వు, మీ అమ్మ, పోరడు
పట్నమొచ్చే ఐతారం లెక్క.

పొద్దుగాల ఐదున్నరకు ఇమ్లీబన్‌ల దిగుతరు.
నేనాడనే ఉంట, తలకు ఎర్ర టవలు చుట్టుకొని.
ముందుగాల చాయ్.
ఈడ చాయ్‌ల బిస్కట్ ముంచుకుంటరు.
తియ్యగుంటది, ఎన్కనే ఉప్పగుంటది.
మీ అమ్మకు ముందే చెప్పు,
లేకుంటె "పాడైంది" అని
హోటలాయనతోని కొట్లాటకు దిగుతది.

తొమ్మిదికి గోల్కొండ.
మూడు వందల అరవై మెట్లని అందరంటరు.
రెండుసార్లు ఎక్కిన, రెండుసార్లు లెక్క తప్పిన.
మీ అమ్మ మోకాళ్లతోని అయ్యేది గాదు.
ఆమెను పెద్ద దర్వాజ కమాను కింద కూసోవెడదాం.
ఆడ చప్పట్లు గొడితె కొండ మీద ఇనవడ్తది,
వెనకట దుష్మన్ వస్తె గట్లనే కబురంపేటోళ్లంట.
ఒక్క చప్పట అంటె బాగున్న అని,
రెండంటె ఆకలైతుంది,
మూడు కొట్టిందంటె
ఇగ చాలు, దిగుండ్రి బిడ్డా అని.
ఫోన్ బిల్లు లేదు.

పన్నెండుకు మ్యూజియం గడియారం.
గడ్డపోడొకడు లోపల్నుంచి బయటికొచ్చి
గంట కొట్టి మల్ల లోపలికి వోతడు.
పోరడు వచ్చేదే దానికోసం గద,
వాని దోస్తు జూసొచ్చి
"నిజం మనిషే, లోపల అన్నం గూడ తింటడు" అన్నడంట.

ఈడ చిక్కొచ్చింది.
కొండ దిగాలె, బస్సు దొరకాలె, టిక్కెటు లైన్ల నిలవడాలె.
పన్నెండు దాటితె
ఒంటి గంటకు వాడు కొట్టేది ఒక్కటే దెబ్బ.
ఒక్క దెబ్బకా ఇంత దూరం, అంటది మీ అమ్మ.
గోల్కొండ కొట్టేసిన.
మల్ల రాసిన.
రబ్బరు లేక ఉమ్మి తడితోని తుడిస్తె
కాయితం బొక్కవడ్డది, సరిగ్గా పదకొండు గంటల కాడ.

చార్మినార్ సాయంత్రం. దీపాలు వెట్టినంక.
పక్కనే గాజుల బజారు.
బేరం నువ్వాడు, నేను దూరం నిలవడ్త,
నా చేతులు జూస్తె మనం ఎంత పెడ్తమో
వానికి ముందే తెలిసిపోతది.

రాత్రి ఫోన్ల ఇదంత సదివిన.
ఊఁ, ఊఁ అన్నవు.
ఆకర్కి అడిగినవు,
"పద్నాలుగు నెలలు పని జేసినవు గద,
ఆ గుమ్మటమేదీ? దీంట్ల లేదేంది?"

రాయలె. నిజమే.
గోరీల కాడ ఏముంటది జూడనీకె అనుకున్న.

గానుగ సున్నం, బెల్లం నీళ్లు,
కరక్కాయ, మినుప పిండి
దినాల కొద్ది మురగవెట్టి
కట్టె పలకతోని రుద్ది, రుద్ది,
ఊడిన పువ్వు జాగల పువ్వు ఎక్కిచ్చుడు నా పని.
వెనకటోని రెక్క యాడ ఆగిందో
నా రెక్క యాడ షురువైందో తెల్వొద్దు.
తెలిస్తె మేస్త్రి పలగ్గొట్టమనేటోడు.
నాలుగుసార్లు పలగ్గొట్టిన.
ఐదోసారి ఆయన కండ్లద్దాలు తీసి, వెట్టి,
వేలుతోని ఎతికిండు. దొరకలె.
ఏం మాట్లాడలె.
ఆ వారం కూలిల యాభై ఎక్కువొచ్చింది.

ఇగ నీకేం జూపియ్యాలె చెప్పు?
కింద నిలవడి తలెత్తితె
నాలుగు వందల ఏండ్ల కిందటోళ్ల పనే కనవడ్తది.
మొన్న పరంజ ఇప్పినంక
నేను గూడ నిలవడి జూసిన,
ఎండల, మెడ నొప్పి వుట్టేదాక.
నాకే దొరకలె.

పోరడు "ఏది నాయినా?" అంటె
ఏదో ఒక పువ్వు దిక్కు వేలు జూపిస్త.
అబద్ధం గాకపోవచ్చు.

కాయితం తిర్లేసి మల్ల రాసిన.
పదిన్నరకు గుమ్మటం.
అన్నం ఆడనే, చెట్ల కింద. జొన్న రొట్టెలు నువ్వు తే,
పచ్చిపులుసు వద్దు, బస్సుల ఒలుకుతది.
గడియారం కాడికి రెండు గొట్టేయాల్లకు పోదాం.
పన్నెండు గాదు, రెండు దెబ్బలే.
మీ అమ్మకు నువ్వే చెప్పు.