బూడిద రంగు మెట్లు

తెలిసిన రాయికి రాతి రంగు వేస్తాం.
తెలియనిదానికి బూడిద రంగు.
మా పనిలో నిజాయితీ అంటే అంతే.

కొండ మీద ఇప్పుడు మిగిలినవి
ఒక బురుజు మొండెం, రెండు కిటికీ కన్నాలు,
దురదగొండిలో మునిగిపోయిన పొయ్యి.
ఆ కోటని నేను పదకొండు నెలల్లో కట్టాను,
సున్నం కలపకుండా, ఒక్క ఎద్దునీ అదిలించకుండా,
రీగాలో మూడో అంతస్తులో, హీటర్ పక్కన కూర్చుని.

నవంబరులో దాన్ని భుజాన సంచిలో వేసుకుని
కొండ కింది ఊరికి పోయాను.
బడిలో బల్లలు గోడకి జరిపి
ఒక్కొక్కరి కళ్లకీ కోట తగిలించాను.

పోస్టు బండి ఆయివర్స్ బురుజెక్కి
తన ఇంటి కోసం వెతికాడు. కిందంతా అడవే.
ఇద్దరు పిల్లలు పైనుంచి దూకి చూసి
చావు రాలేదని చిన్నబుచ్చుకున్నారు.

వెల్టా అందరికన్నా చివర్న వచ్చింది.
ఎనభై ఒకటో ఏడు. చేతులకి షాజీరా జున్ను వాసన.
తలగుడ్డ విప్పనంటే దాని మీదే తగిలించాను.

"పొగేదీ?" అంది వంటశాలలో నిలబడి.
"ఇంత పొయ్యి పెట్టావు, మసేదీ?
ఇక్కడెవరికీ ఆకలి వెయ్యలేదా?"
రాసుకున్నాను: మసి.

లేని ద్వారం దగ్గర తల వంచింది.
లేని గోడని ఆనుకోబోయి
నా భుజం పట్టుకుంది.
అలాగే మెలిక మెట్ల దాకా వచ్చాం.

అరవై మూడు. అన్నీ బూడిద రంగే.
అసలువి ఏనాడో ఊరు పీక్కుపోయింది.
నేనొకటి చెక్కి అరవై మూడుసార్లు అతికించాను,
నట్టనడుమ అందంగా ఒక గుంట పెట్టి.

వెల్టా కిందికి చూస్తూ ఆగిపోయింది,
బావిలో జారిన చేద కోసం చూస్తున్నట్టు.

"అబద్ధం" అంది.
"నీళ్లు మోసే మనిషి నడుమ నడవదు నాయనా.
కుడిచేతిలో బరువుంటే
ఎడమ భుజం గోడకి రాసుకుంటూ పోతుంది.
మెట్టు గోడవైపు అరుగుతుంది.
నా గడపలాగా."

ఆమె గడప:
ఒక చివర మూరెడు, ఇంకో చివర జానెడు,
ఆ జానెడు కొస రొట్టె అంచులా గుండ్రం.
"మా ఎద్వీన్స్ పోయేదాకా దీన్ని తిడుతూనే ఉన్నాడు.
తలుపు ఏనాడూ సరిగా పడలేదు.
వాళ్ల తాత చలికాలంలో బండ్లెడు తెచ్చాడట,
మంచు మీద జార్చుకుంటూ.
మిగతావి పందుల దొడ్డి కింద ఉన్నాయి."

మోకాళ్ల మీద కూర్చుని మంచు ఊడ్చాను.
రాతి మీద రెండు గుంటలు.
ఒకటి వెడల్పు చివర, లోతుగా, గిన్నె అడుగంత నునుపు.
ఇంకోటి నడుమ, పల్చగా:
పాల క్యాన్లు, రబ్బరు బూట్లు,
ఎద్వీన్స్‌ని మోసుకెళ్లిన ఆరు జతల కాళ్లు.

తర్వాతి కాలపు అరుగుదల చెరిపెయ్యాలని నియమం.
రాత్రి తెర ముందు చాలాసేపు కూర్చున్నాను.
చివరికి ఆమెకే ఫోన్ చేశాను.

"నాది అంత లోతేం కాదుగా, ఉండనీ.
ఎవరికి అడ్డం?
సరే పెట్టేస్తున్నా, ఆవు అరుస్తోంది."

అది పదిహేడో మెట్టో, యాభయ్యోదో నాకు తెలియదు.
పదిహేడులో పెట్టాను.
అరవై రెండు బూడిద మెట్ల మధ్య
ఒక్కటే రాతి రంగులో.
దివిటీ పట్టుకుని రాత్రి పహరా తిరిగే సిపాయి
ఇంకా పుట్టని ఒక ఆడమనిషి అడుగులో
అడుగేసి ఎక్కాలి మరి.
సిపాయి లేడనుకోండి.
మనుషుల్ని చెయ్యడానికి మాకు డబ్బులివ్వలేదు.

వంటశాలకి మసి కూడా పట్టించాను.
పొయ్యిలో నిన్నటి మంట ఆనవాలు కొంచెం.
అదంతా ఊహే కాబట్టి
నియమం ప్రకారం బూడిద రంగు వేశాను.

ఆ ఒక్కచోటే
రంగు అచ్చంగా కుదిరింది.