సున్నపు తేట

సోంపేటలో అద్దెగది. కిటికీ పక్కన
మూడడుగుల గాజుతొట్టి, అందులో ఉప్పునీళ్లు,
విశాఖ స్నేహితుడొకడు విరిచి ఇచ్చిన
బొటనవేలి గోరంత పగడం.
గోరంతే గానీ ఆకలి జాస్తి.
నీళ్లలో ఉన్న సున్నమంతా
రాత్రికి రాత్రి తాగేస్తుంది.

పరీక్ష గొట్టంలో చుక్కలు లెక్కపెట్టాను.
నాలుగు వందల ఇరవై దాకా రావాలి.
మూడు వందల నలభైకే
గులాబీ రంగు నీలమైపోయింది.
పైదేశపు మందు సీసా పద్దెనిమిది వందలు.
అంటే ఒక గ్యాసుబండ, ఇంకా కిరాణా బాకీలో సగం.

పగలు నేను డయాలసిస్ టెక్నీషియన్ని.
మంగళ, గురు, శని. నాలుగో నంబరు మంచం.
సూరాడ దాలయ్య, బారువ.
నలభై ఏళ్లు ఇసకలో గుల్లలేరి
బట్టీలో కాల్చి సున్నం అమ్మినవాడు.
అన్నంతోపాటు మింగమన్న తెల్లబిళ్లని
గోటితో గీకి నాలిక్కి రాసుకుని
"ఇది మా సరుకే బావూ" అన్నాడొకరోజు.
"నానమ్మిందాన్నే సీటీ రాసి నాకే అమ్ముతన్నారు."

ఆ ధైర్యంతో నా తొట్టి సంగతి చెప్పాను.
నవ్వేసరికి చెయ్యి కదిలింది, మిషను కూసింది.
"ఏటేటీ, సముద్రానికి సున్నమెట్టాలా?
మేం తెచ్చుకున్నదే దాన్దగ్గర్నించి గదా!"

గురువారం వచ్చాడు, సంకలో హార్లిక్స్ సీసా,
మూతకి పాలిథిన్ కట్టి, దానిమీద పురికొస.
"గుల్లసున్నం. రాతిసున్నం కాదు సుమీ.
నీళ్లలో కలిపీసి వొదిలీ. మరింక కెలక్కు.
మడ్డి అడుక్కి దిగిపోద్ది, పైన పొర కడతాది,
రెండూ ముట్టకు. మద్దినున్నదే తేట.
మూతెట్టి ఉంచు. గాలి తగిల్తే సచ్చిపోద్ది.
సచ్చిన సున్నం గోడక్కూడా పట్టదు."

ఇంటర్లో ఇదే రాశాను నేను,
బాణం గుర్తుతో సహా, రెండు మార్కులకి.
సచ్చిపోద్ది అన్న మాట
ఆ పుస్తకంలో లేదు.

గడువు దాటి చెత్తబుట్టకి పోయే సెలైన్ సెట్టు ఒకటి.
శనివారం గొట్టాలు కడిగి వదిలేసే
శుద్ధి నీళ్లు రెండు డబ్బాలు. అడిగే తెచ్చాను,
అయినా గేటు దాటేటప్పుడు వాచ్‌మన్ వైపు చూడలేదు.
మేకుకి సీసా తలకిందులుగా వేలాడదీసి
చక్రం తిప్పి పడుకున్నాను.

చక్రం వదులైంది.
తెల్లారేసరికి తొట్టినిండా గంజి.
రొయ్య ఒకటి, గాజులాంటిది, రాళ్ల సందున
తెల్లగా, ఉడికినట్టు.
దానికి పేరు పెట్టకపోవడమే మంచిదైంది.

ఆస్పత్రిలో నా చేతికి ఎప్పుడూ అలా జారలేదు.
ఇంట్లో తొందర ఎందుకో.

తర్వాత రాత్రుళ్లు వాచీ పెట్టుకుని కూచున్నాను.
నిమిషానికి ఇరవై చుక్కలు.
దీపం ఆరిపోయాకే ఇవ్వాలి, అప్పుడే నీళ్లు పులుస్తాయి.
పగలు ఎండకి ఆవిరైనంత, రాత్రి తేటగా తిరిగి.
ఒక్కొక్క చుక్కా పొగలా విచ్చుకుని
ఎక్కడికి పోతుందో కనపడదు.

రెండు నెలలకి ఫోనులో వీడియో చూపించాను.
దాలయ్య దగ్గరగా పెట్టుకున్నాడు, తర్వాత దూరంగా.
పగడం అంచున కొత్తగా, వెంట్రుకంత తెల్లగీత.
"ఇదేటి?"
పెరుగుతోంది, అన్నాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
మిషను తిరుగుతూనే ఉంది, ఎర్రగొట్టం, వెనక్కి ఇంకో ఎర్రగొట్టం.

"నలబయ్యేళ్లు కాల్చాను గానీ
అది కట్టుకుంతన్నప్పుడు
ఎన్నడూ సూళ్లేదు బావూ."

ఫోను తిరిగిచ్చేశాడు.
"ఆ హార్లిక్స్ సీసా కాళీ అయితే తెచ్చీ.
మా ఆడది రోజూ అడుగుతంది."

ఇంకా సగం ఉంది దాంట్లో.