కాల్షియం చంకలో ఇద్దరు

కయాని దాటాక రోడ్డు డిపో. తెల్లవారుజాము మూడు.
ఆకాశం వాననో మంచునో తేల్చుకోలేక
రెండూ కానిదేదో రేకుల మీద రాలుస్తోంది.

సుద్దముక్క యూసోది. చేరి వారమైంది.
తొట్టె పక్కనున్న ఇనుప తలుపు మీద రాశాడు:
మామూలు ఉప్పునీళ్లు రెండొందల లీటర్లు, లీటరుకి నాలుగు మోల్‌లు.
కాల్షియం క్లోరైడు మూడొందల లీటర్లు, లీటరుకి మూడు.
ఎనిమిదొందలూ తొమ్మిదొందలూ పదిహేడొందలు,
ఐదొందలతో భాగిస్తే
క్లోరైడు మూడు పాయింట్ నాలుగు.
కింద రెండు గీతలు కూడా కొట్టాడు, పరీక్షలో లాగా.

గ్లవ్ తీసి, వేలితో తొమ్మిదొందల్ని చెరిపేశాను.
ఒరే, సోడియం ఒక్క పిల్లతో దిగుతుంది నీళ్లలోకి.
కాల్షియం కవలల తల్లి,
రెండు చంకల్లో ఇద్దరు.
గుమ్మంలో నిలబడి తల్లుల్ని లెక్కపెట్టావు,
పిల్లలకి విస్తళ్లు వెయ్యడం మర్చిపోయావు.

పద్దెనిమిదొందలకి ఎనిమిదొందలు, ఇరవై ఆరు వందలు.
ఐదొందల లీటర్లలో
(నిజానికి ఓ చెంబెడు తక్కువే అవుతుంది,
ఈ రాత్రికి ఆ చెంబు మాఫీ)
ఐదు పాయింట్ రెండు.

"ఇందులో ఏవి ఏ ఉప్పువి, హిల్కా?"
ఏమో.
నీళ్లలో చెయ్యి వదిలాక
ఏ పిల్ల ఏ తల్లిదో తల్లులకే తెలీదు.
సోడియం చూడు, నాలుగు నుంచి ఒకటి పాయింట్ ఆరుకి పలచబడింది.
ఒక్కటీ పోలేదు. ఇల్లు పెద్దదైంది, అంతే.

మీట నొక్కబోయి ఆగాడు.
పన్నెండో కిలోమీటరు దగ్గర నీలం బోర్డు,
భూగర్భజలం అని.
వెనక ఇసుకదిబ్బ, దిబ్బ కింద
ఊరంతా తాగే బావి.
వాడి లెక్కే నమ్మి ఉంటే అక్కడ
తెలియకుండానే ఒకటిన్నర రెట్లు పోసేవాళ్లం.

"అసలు చల్లకపోతే?"
ఐదున్నరకి పాల లారీ వస్తుంది. మూలమలుపు. నల్లమంచు.
దానికి సూత్రం లేదు, యూసో.

బోర్డు నుంచి బోర్డు దాకా కుళాయి సగానికి తిప్పాం.
పాల లారీకి ముందు మేం, నత్తనడకన,
వెనక వాడి హారన్లు.

ఇంటికొచ్చి గ్లాసుడు నీళ్లు తాగాను, ఆ బావివే.
రుచిలో ఏమీ తేడా లేదు.
ఇంకో గుక్క తాగి చూశాను.